మన గురించి మన చేత్తో రాసే మొదటి కాగితం

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. తీరిగ్గా చదవండి.

డిగ్రీ ఆఖరు సంవత్సరం వచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట, రెజ్యూమే. రాయచోటిలో మా హాస్టల్లో ఇప్పుడు రెండు రకాల రెజ్యూమేలు చేతులు మారుతున్నాయి. మొదటి రకంలో పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ, మార్కులు, చివర్లో ‘హాబీస్: క్రికెట్ ఆడటం, పాటలు వినడం’ అంతే. సగం పేజీ ఖాళీ. రెండో రకం నెట్‌లో ఎత్తినది. ‘డైనమిక్ లీడర్’, ‘విజనరీ’, ‘ఎక్సలెంట్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అని పేజీ నిండా ఉంటుంది. పదిమంది పేర్లు మార్చి పెట్టినా తేడా తెలియదు. మొదటిదాంట్లో మనిషి దాక్కున్నాడు. రెండోదాంట్లో మనిషే లేడు.

ఎందుకు ఇట్ల అని అడిగితే మాలో చాలామంది ఒకటే చెప్పినారు. “మన గురించి మనమే చెప్పుకోవడమేంది? సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది.” ఈ సిగ్గు ఒట్టి సిగ్గు కాదు. దీని వెనకాల పెద్ద చరిత్ర ఉంది. అది తెలుసుకుంటే రెజ్యూమే రాసే చెయ్యి కొంచెం తేలికవుతుందని ఈ పోస్టు.

రాజుల గొప్పలు

గొప్పలు చెప్పుకోవడం లింక్డ్‌ఇన్‌తో పుట్టింది కాదు. మన సీమ రాళ్ళని అడిగినా చెప్తాయి. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో ఉన్న శాసనం, తెలుగు భాషలో ఇంతవరకు దొరికినవాటిలో మొదటిదిగా చెప్తారు. సుమారు క్రీ.శ. 575 నాటిది. రేనాటి చోళుల కాలం. అందులో ధనంజయుడు అనే పేరుకు ముందు ‘ఎరికల్ ముత్తురాజు’ అనే మాట ఉంది. అంటే తెలుగులో మనకు తెలిసిన మొదటి రాతలోనే పేరుకు ముందు హోదా వచ్చేసింది. ఆ వంశంలోనే పుణ్యకుమారుడి మాలేపాడు రాగిరేకుల్లో బిరుదులు వరసగా ఉంటాయి. పోర్ముఖరాముడు అంటే పోరు ముఖాన రాముడు, పురుషశార్దూలుడు అంటే మగవాళ్ళలో పులి.

తర్వాత విజయనగర రాజులు వచ్చినారు. ‘మూరురాయర గండ’ అంటే ముగ్గురు రాజుల్ని గెలిచిన మగాడు. ‘భాషెగె తప్పువ రాయర గండ’ అంటే మాట తప్పే రాజుల పాలిటి మొగుడు. సంగమ వంశం వాళ్ళు పెట్టుకున్న ఈ బిరుదుల్ని తర్వాత వంశాల రాజులూ వాడుకున్నారు. ఆ ముగ్గురు రాజులు ఎవరు, ఈయన ఎప్పుడు గెలిచినాడు అని ఎవరూ అడగలేదు. సింహాసనంతో పాటే బిరుదూ వచ్చేది. సీనియర్ రెజ్యూమే తీసుకొని పేరు మార్చి పంపే పద్ధతి ఇప్పటిదేం కాదన్నమాట.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ రాజు తన చేత్తో తాను రాసుకోలేదు. ఆస్థానంలో కవి ఉన్నాడు, చెక్కేవాడు ఉన్నాడు, సభలో బిరుదులు చదివే భట్టు ఉన్నాడు. రాజు గంభీరంగా కూర్చుంటే చాలు.

మామూలు మనిషికి రాయి దొరికింది చచ్చిపోయినాకనే. చిత్తూరు, కడప జిల్లాల్లో ఊళ్ళ బయట వీరగల్లులు చాలా ఉన్నాయి. పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డంపడి ఒకడు పోయినాడు, ఊరి మీదికి దండు వస్తే కొట్లాడి ఒకడు పోయినాడు. కొన్నిటి మీద వాని పేరు, ఎవరి పక్షాన, ఏ పోరులో పోయినాడు అన్నది రెండు మూడు పంక్తుల్లో రాసి ఉంటుంది. ఒకరకంగా చూస్తే అది మంచి రెజ్యూమే. పేరు, చోటు, చేసిన పని. అలంకారాలు తక్కువ. కానీ చదువుకోవడానికి వాడు లేడు.

అణకువ ఎవరికి చెల్లుతుంది

ఇంకో పక్క మనకు చిన్నప్పటినుంచి నేర్పింది వేరు. నిండుకుండ తొణకదు. అన్నీ ఉన్న విస్తరి అణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది. కంచునూ బంగారాన్నీ పోల్చిన వేమన పద్యం బడిలో అందరం కంఠస్థం చేసిందే. భారతంలో కర్ణపర్వంలో ఒక ఘట్టం ఉంది. గాండీవం ఇంకొకరికి ఇవ్వమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒట్టు. ఒకరోజు ఆ మాట ధర్మరాజే అన్నాడు. కృష్ణుడు ఉపాయం చెప్పినాడు. పెద్దన్నను ‘నువ్వు’ అని నిందిస్తే చంపినట్టే లెక్క అని. అర్జునుడు అట్లే తిట్టి, ఆ పాపానికి తాను చచ్చిపోతానని కత్తి దూసినాడు. అప్పుడు కృష్ణుడు, అయితే నిన్ను నువ్వే పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అన్నాడు. సొంత గొప్ప చెప్పుకోవడాన్ని చావుతో సమానం చేసిన సంస్కృతి మనది.

ఈ నీతి మంచిదే. కాదనడం లేదు. కానీ ఇది ఎవరికి సులువో కూడా చూడాల. నోరు మూసుకొని కూర్చున్నా తన తరఫున మాట్లాడేవాళ్ళు ఉన్నోడికి అణకువ ఖర్చులేని పని. వాళ్ళ మామ కంపెనీలో మేనేజరు. నాన్న స్నేహితుడు ఫోన్ చేస్తాడు. “మా వాడు బాగా చదువుతాడు, చూడండి” అంటాడు. సిఫారసు అంటే ఇప్పటి భట్టు పొగడ్తే కదా. ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన మనకు ఆ ఫోన్ చేసేవాళ్ళు లేరు. అందరూ అణకువగా ఉంటే మామ ఉన్నోడికి ఉద్యోగం, లేనోడికి మంచివాడనే పేరు మిగులుతుంది.

మన వాళ్ళ గొప్పలు

మరి మన వాళ్ళకు గొప్ప చెప్పే పద్ధతి లేకుండా ఉందా? ఉంది. సుగాలీ తండాల్లో వంశాలు పాడే ఢాడీలు ఉండేవాళ్ళు. ఏ గోత్రం, ఎవరి కొడుకు ఎవరు, ఎవరు ఏ మంచి పని చేసినారు అన్నీ నోటితోనే. కాగితం లేదు.

రాతలో దొరికే సంగతి ఒకటుంది. బంజారాల గురించి కంబర్‌లెజ్ అనే పోలీసు అధికారి 1882లో రాసిన పుస్తకంలో వస్తుంది. 1630 ప్రాంతంలో షాజహాన్ వజీరు ఆసఫ్‌ఖాన్ సైన్యం దక్కన్ మీదికి వచ్చినప్పుడు దానికి ధాన్యం మోసినవాళ్ళలో భంగీ, జంగీ అనే నాయకుల దగ్గర 1,80,000 ఎద్దులు, భగవాన్‌దాస్ అనే నాయకుడి దగ్గర 52,000 ఎద్దులు ఉండేవని చెప్తారు. ఆ పనికి మెచ్చి బంగారు అక్షరాలతో రాగిరేకు ఇచ్చినారని కథ. వజీరు గుర్రాలు ఎక్కడ ఉంటే అక్కడ వీళ్ళ ఎద్దులూ ఉండొచ్చు, ఇళ్ళలో కుండ నీళ్ళు, కప్పు మీది గడ్డి తీసుకోవచ్చు, రోజుకు మూడు హత్యలు మాఫీ అని అందులో ఉందంటారు. ఆ మూడో మాట చూసి మనం గర్వపడాల్సిన పని లేదు. గర్వపడాల్సింది ఎద్దుల లెక్క చూసి. అన్ని ఎద్దులకు మేత, నీళ్ళు, దారి, కాపలా చూసుకుంటూ కదిలే సైన్యానికి తిండి అందించడమంటే ఇప్పుడు ఎంబీఏలో ‘లాజిస్టిక్స్’, ‘సప్లై చైన్’ అని చెప్పే పనే. 1791, 1792లో కారన్‌వాలీసు శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు కూడా బంజారాల ఎద్దులే ధాన్యం మోసినాయి.

ఎరుకల అవ్వలు బుట్ట, కర్ర పట్టుకొని ఊరూరా సోది చెప్పినారు. ఎవరింట్లో ఏం జరగబోతుందో చెప్పినారు గానీ వాళ్ళ కథ రాసిపెట్టినవాళ్ళు తక్కువ. యానాదులకు తెలిసినన్ని చెట్లమందులు, చేపల దారులు ఏ సర్టిఫికెట్‌లోనూ ఎక్కలేదు. పని ఉంది, నేర్పు ఉంది. మన చేతి రాత లేదు.

మన పేరు ఎక్కిన రిజిస్టరు

మన గురించి రాయలేదా అంటే రాసినారు. బాగానే రాసినారు. 1871లో రెండు జరిగినాయి. మద్రాసు నుంచి కడప మీదుగా వచ్చిన రైలు దారి రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ఉప్పు, ధాన్యం మోసే ఎద్దుల పని రైలెక్కి పోయింది. అదే సంవత్సరం ఉత్తరాదిలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911లో కొత్త చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వాళ్ళనీ, కొన్నిచోట్ల సుగాలీలనీ, యానాదులనీ ఆ జాబితాల్లో చేర్చినారు. రిజిస్టరులో పేరు, వేలిముద్రలు. ఫలానా వేళకు వచ్చి హాజరు చెప్పాల. ఊరు మారితే చెప్పాల. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం, కావలి లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టినారు. బయటికి పోవాలంటే పాసు.

ఆ కాలంలోనే, 1909లో, థర్‌స్టన్ దొర రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించినాడు. మన మూడు తెగల మీదా అందులో వ్యాసాలు ఉన్నాయి. ఆయన కులం కులానికీ మనుషుల తల, ముక్కు పొడవూ వెడల్పూ కొలిచి పట్టికలు వేసినాడు. ఆలోచించండి. మన మీద అచ్చయిన మొదటి ‘ప్రొఫైల్స్’లో ఒకదాంట్లో మన స్కిల్స్ పక్కనే ముక్కు కొలత కూడా లెక్కకొచ్చింది.

మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం రద్దయింది. దేశం మొత్తానికి 1952 ఆగస్టు 31న పోయింది. కానీ 1948లోనే మద్రాసులో ‘అలవాటుపడిన నేరస్తుల’ చట్టం వచ్చింది. పేరు మారింది, అనుమానం అంత తొందరగా మారలేదు. అందుకే మన తాతలకు, అవ్వలకు కాగితం మీద పేరు ఎక్కడమంటేనే భయం. ‘పేరు రాసుకుంటున్నారు’ అంటే ఏదో ఆపద వస్తోందని. కనపడకుండా ఉండటమే క్షేమం. ఆ భయం మన దాకా వచ్చేసరికి మొగమాటం అయింది. ఇప్పటికీ రెజ్యూమేలో తండా పేరు రాయాలా వద్దా అని పెన్ను ఆగుతుంది చూడండి, ఆ ఆగడానికి వందేళ్ళ వయసు ఉంది.

ఎవరు అని అడిగే కాగితం, ఏం చేసినావ్ అని అడిగే కాగితం

చట్టాలు పోయినాక మనకు కొత్త కాగితాలు వచ్చినాయి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ అండ్ కాండక్ట్. ఇవి మన హక్కు. వీటివల్లే మనం హాస్టల్లో అన్నం తిని చదువుతున్నాం. మన ముందు తరంలో చదువుకున్నవాళ్ళు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు నమోదు చేసుకొని కాల్ లెటర్ కోసం చూసినారు. డీఎస్సీ, గ్రూప్స్ రాసినారు. అక్కడ మార్కు మాట్లాడుతుంది, ర్యాంకు మాట్లాడుతుంది. మనిషి తన గురించి వాక్యం రాయాల్సిన పని లేదు.

ఆ కాగితాలన్నీ ‘నువ్వెవరు?’ అని అడుగుతాయి. జవాబు రెవెన్యూ ఆఫీసులో సంతకంతో వస్తుంది. రెజ్యూమే ‘నువ్వేం చేసినావ్?’ అని అడుగుతుంది. జవాబు మన దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. ఇది మన ఇళ్ళలో ఎవరికీ అలవాటు లేని ప్రశ్న. నౌకరీ వెబ్‌సైటు 1997లో వచ్చింది, లింక్డ్‌ఇన్ 2003 మే నెలలో మొదలైంది. ఊరి పిల్లల చేతికి ఈ ప్రశ్న వచ్చింది ఇంకా తర్వాత, ఫోన్లతో పాటు.

మొదటి రెజ్యూమే అని చాలామంది చెప్పేది ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ ఉత్తరాన్ని. సుమారు 1482లో మిలాను ప్రభువుకు రాసింది. అందులో వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, కోటలు పగలగొట్టే ఉపాయాలు తెలుసు అని వరసగా చెప్పి, బొమ్మలు వేస్తాననే మాట చివర్లో పెట్టినాడు. ప్రభువుకు అప్పుడు కావాల్సింది యుద్ధం పని కాబట్టి. ఇప్పుడు దొరుకుతున్న ప్రతి ఆయన సొంత దస్తూరీలో లేదు, వేరేవాళ్ళ చేత రాయించింది. అంత పెద్దాయనే ఇంకొకరి సాయం తీసుకున్నాడు. మనం తీసుకుంటే తప్పేం లేదు.

మర్యాద తప్పకుండా చెప్పుకోవడం

గొప్పలు చెప్పుకోవడానికీ పని చెప్పుకోవడానికీ తేడా ఏంది? మేం హాస్టల్లో చాలా వాదించుకొని ఒక మాటకు వచ్చినాం. విశేషణం గొప్ప, లెక్క సాక్ష్యం. ‘పోరు ముఖాన రాముడు’ అనేది గొప్ప. ‘1,80,000 ఎద్దులతో ధాన్యం చేర్చినారు’ అనేది పని. రాజు మాదిరి కాకుండా వీరగల్లు మాదిరి రాయాల. పేరు, చోటు, చేసిన పని.

మా దగ్గరి ఉదాహరణలే చూడండి. గాలివీడు వైపు తండా నుంచి వచ్చిన ఒక చెల్లెలు ‘ఎక్స్‌పీరియన్స్: నిల్’ అని రాసింది. మాట్లాడితే తెలిసింది, తొమ్మిదో తరగతి నుంచి వాళ్ళమ్మ పొదుపు సంఘం తీర్మానం పుస్తకం, అప్పుల లెక్క రాసేది ఆమెనే. పదిమంది సభ్యులు, ఆరేళ్ళు. అది నిల్ ఎట్లవుతుంది? ‘పదిమంది సభ్యుల పొదుపు సంఘానికి ఆరేళ్ళు లెక్కలు, తీర్మానాలు రాశాను’ అని రాస్తే అందులో డబ్బా ఏముంది? ఇంకొకడు ఎండాకాలం సెలవుల్లో మదనపల్లె టమాటా మార్కెట్‌లో బాక్సుల లెక్క రాసినాడు. వాడు ‘కూలి పని రాస్తారా యాడన్నా’ అన్నాడు. కూలి కాదు, సరుకు లెక్క. కూలి అయినా రాయొచ్చు. మన గోర్ బోలీ, ఎరుకల భాష కూడా భాషల వరసలో రాయండి. బ్యాంకులకు, ఆరోగ్య పనులకు, సర్వేలకు తండాలో మాట్లాడగలిగినోళ్ళు కావాల.

ఇంకో చిక్కు ఉంది. మన మాటలో ‘నేను’ తక్కువ. తీజ్ చేసినాం, బోరు వేయించుకున్నాం, హాస్టల్ మెస్ బాగు చేసుకున్నాం, అంతా ‘మేం’. ఈ పోస్టూ అట్లే రాస్తున్నాం. రెజ్యూమే ‘నేను’ అడుగుతుంది. అందరి పనిని ఒక్కడే మింగేస్తే అది దొంగతనం. తన వంతు కూడా దాచుకుంటే అది నష్టం. అందుకే రెండూ రాయాల. ‘ఆరుగురు సభ్యుల మెస్ కమిటీలో ఉన్నాను, కూరగాయల కొనుగోలు లెక్క నాది’ అంటే ఎవరి వాటా వాళ్ళకు దక్కుతుంది. లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టినా జతగా పనిచేసినవాళ్ళ పేర్లు, నేర్పించినవాళ్ళ పేర్లు పెట్టండి. అది మన తండా మర్యాదే. ముక్కూమొగం తెలియని పెద్దాయనకు రిక్వెస్ట్ పంపేటప్పుడు ‘సార్ జాబ్ ప్లీజ్’ అని కాకుండా, మీరెవరో, ఏం చదువుతున్నారో, ఏ సంగతి అడగాలనుకుంటున్నారో మూడు ముక్కల్లో రాయండి. జవాబు రాకపోతే వెంటపడొద్దు.

అబద్ధం మాత్రం వద్దు. డబ్బులు తీసుకొని రెండేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే వాళ్ళు ఉన్నారు. కంపెనీలు వెరిఫికేషన్ చేస్తాయి. దొరికితే ఉద్యోగం పోతుంది. అది ఎవరికైనా ఒకటే. కానీ మన విషయంలో ఇంకోటి కూడా పోతుంది. వేరేవాళ్ళ పిల్లోడు దొరికితే ‘ఆ పిల్లోడు మోసం చేసినాడు’ అంటారు. మనోడు దొరికితే ‘వాళ్ళంతే’ అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇది న్యాయం కాదు. ఒక మనిషి తప్పును జాతి మొత్తానికి పూసే ఆ పాత రిజిస్టరు బుద్ధే ఇది. దానికి మన చేత్తో ఒక్క పంక్తి కూడా అందించొద్దు. కంప్యూటర్ కొంచెమే వస్తే ‘నేర్చుకుంటున్నాను’ అని రాయండి. అది తక్కువ మాట కాదు.

తండా పేరు రాయాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్ళది. ప్రైవేటు ఉద్యోగం రెజ్యూమేలో కులం, మతం, నాన్న పేరు పెట్టాల్సిన అవసరం లేదు. పాత బయోడేటా అలవాటుతో పెడుతున్నాం. ప్రభుత్వ దరఖాస్తులో అడిగినచోట రాయండి, అది హక్కు. కానీ అడ్రస్‌లో తండా అని ఉందని సిగ్గుపడి పక్క ఊరి పేరు మాత్రం పెట్టొద్దు. దాచాల్సినంత తప్పు ఆ ఊరు ఏం చేయలేదు.

చివరిగా మేం మొదలుపెట్టిన పని చెప్తాం. మీకు నచ్చితే మీ హాస్టల్లోనూ చేయండి. ఆదివారం సాయంత్రం ఇద్దరిద్దరు కూర్చుంటాం. ఎవరి రెజ్యూమే వాళ్ళు రాయరు. ఎదుటివాణ్ణి అడుగుతారు. ఇంట్లో ఏం పని చేసినావ్, సెలవుల్లో ఎక్కడ పోయినావ్, ఎవరికి ఫారాలు నింపినావ్, ఎన్నాళ్ళు, ఎంతమందికి? అడిగి రాస్తారు. తర్వాత ఆ కాగితం వానికే ఇస్తే, ఇందులో ఎక్కువ చెప్పినవి కొట్టేసి, తక్కువ చెప్పినవి చేర్చి తన చేత్తో మళ్ళీ రాసుకుంటాడు. పాత ఢాడీ మన గొప్ప పాడినాడు, మనం రాసుకోలేదు. రిజిస్టరు రాసినోడు మనల్ని అడగలేదు. ఈ కాగితంలో అడిగేదీ మనమే, రాసేదీ మనమే. వచ్చే ఆదివారానికి ఒక పెన్ను, రెండు తెల్ల కాగితాలు, ఒక జతగాడు ఉంటే చాలు.